తీగచుట్ట కథ: కిబ్లానుమా ముల్లు నుంచి బోరు మోటారు దాకా

మన సంఘం వార్షిక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి వ్రాసి ఇమ్మని కార్యవర్గం వారు అడిగినప్పుడు, మేము ఏ కోట గురించో, ఏ నవాబు గురించో వ్రాస్తామని మిత్రులు అనుకున్నారు. అవి వ్రాయడానికి మాకంటే పెద్దలు ఉన్నారు. మేము వ్రాయదలచినది ఒక రాగి తీగచుట్ట చరిత్ర. ఇదేమి చరిత్ర అని చదువరులు నవ్వుకోవచ్చు. కాని మన అనంతపురం సీమలో ఇంటింటికీ, తోటతోటకూ ఈ చరిత్ర చేరింది. మన పిల్లలు ఎందరో దీని మీదనే పొట్ట పోసుకుంటున్నారు. కనుక ఓపికగా చదువవలసిందిగా మనవి.

ఈ వ్యాసానికి కారణం ఒక పిల్లవాడు. మా బడిలో తొమ్మిదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివి, ఇంటి ఇబ్బందుల వల్ల మానుకొని, ఒక మోటారు వైండింగ్ షాపులో పనికి చేరాడు. ఒక ఎండాకాలం మా ఇంటి ఫ్యాను కాలిపోతే ఆ షాపుకే తీసుకుపోయాము. పిల్లవాడు లేచి సలాం చేసి, స్టూలు వేసి, ఫ్యాను విప్పాడు. లోపల కాయిల్ నల్లగా మాడిపోయి వాసన కొడుతున్నది.

"బేరింగ్ బిగుసుకుంది సార్. తిరగక కాలిపోయింది" అన్నాడు. కాసేపు ఆగి, "సార్, ఒకటి అడుగుతా, ఏమనుకోవద్దు. తిరిగే ఫ్యాను పని చేస్తుంది. తిరగని ఫ్యాను ఏ పనీ చేయదు. పని చేసేది కదా ఎక్కువ కరెంటు తిని కాలవలసింది? పని చేయనిది ఎందుకు కాలుతుంది?" అని అడిగాడు.

ఇరవై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పినవాళ్ళం, ఆ ప్రశ్నకు అక్కడికక్కడ జవాబు చెప్పలేకపోయాము. "తర్వాత చెప్తాలే" అని డబ్బులిచ్చి వచ్చేశాము. ఇంటికి వచ్చాక మాకు సిగ్గు వేసింది. తరగతిలో ఉన్నన్నాళ్ళూ ఆ పిల్లవాడు ఒక్క ప్రశ్న అడిగినట్టు మాకు గుర్తు లేదు. షాపులో తీగ చేతికి తగిలిన తర్వాత అంత మంచి ప్రశ్న అడిగాడు. దానికి జవాబు వెదకబోతే మాకు రెండువందల ఏళ్ళ చరిత్ర దొరికింది. దానినే ఇక్కడ చెబుతున్నాము.

ముల్లు కదిలింది

హజ్ యాత్రకు పోయివచ్చిన పెద్దల ఇళ్ళలో కిబ్లా దిక్కు చూపే చిన్న ముల్లు ఉంటుంది. కొన్ని జానమాజుల మీదనే దానిని కుట్టి ఉంటారు. ఆ ముల్లు ఒక అయస్కాంతం. భూమి కూడా పెద్ద అయస్కాంతం కనుక ముల్లు ఉత్తర దక్షిణాలకు తిరుగుతుంది. దానిని బట్టి కిబ్లా దిక్కు చూసుకుంటాము. దిక్కు చూపే ముల్లు సంగతి ప్రపంచానికి ఏనాటి నుంచో తెలుసు. 13వ శతాబ్దపు పారశీక, అరబ్బీ గ్రంథాలలో కూడా దాని ప్రస్తావన ఉన్నది.

అయితే ఈ ముల్లుకు కరెంటుతో చుట్టరికం ఉన్నదని 1820 దాకా ఎవరికీ రూఢిగా తెలియదు. ఆ సంవత్సరం డెన్మార్కు దేశంలో ఆయర్‌స్టెడ్ అనే ప్రొఫెసరు, బ్యాటరీకి కలిపిన తీగను ముల్లు దగ్గరకు తెస్తే ముల్లు పక్కకు తిరుగుతున్నదని కనిపెట్టాడు. అంటే కరెంటు పారే తీగ చుట్టూ ఒక అయస్కాంత క్షేత్రం ఏర్పడుతున్నదన్నమాట. ఆ ఏడే జర్మనీలో ష్వైగర్ అనే ఆయన ఒక తీగ బదులు అదే తీగను ముల్లు చుట్టూ అనేక చుట్లు చుట్టి చూశాడు. ప్రతి చుట్టూ తన బలాన్ని కలిపింది. ముల్లు మరింత గట్టిగా కదిలింది. తీగను 'చుట్ట'గా చేయడంలోని మహిమ అప్పుడు బయటపడింది. నేడు వైండింగ్ షాపులో చుట్లు లెక్కపెట్టి చుట్టే ప్రతి కుర్రవాడూ ఆ పనినే చేస్తున్నాడు.

కరెంటు వల్ల అయస్కాంతం పుట్టింది సరే, అయస్కాంతం వల్ల కరెంటు పుడుతుందా? ఆనాటి పెద్ద పెద్ద పండితులంతా ఈ ప్రశ్న పట్టుకున్నారు. పదకొండేళ్ళు గడిచినా జవాబు రాలేదు.

రాగి పళ్ళెం చిక్కుముడి

ఈ మధ్యలో ఫ్రాన్సులో అరాగో అనే శాస్త్రజ్ఞుడు 1824-25 సంవత్సరాలలో ఒక వింత చూశాడు. రాగికి అయస్కాంతం అంటుకోదని మనందరికీ తెలుసు. కాని ఒక చదునైన రాగి పళ్ళేన్ని గిరగిర తిప్పి, దానిపైన దిక్సూచి ముల్లును వ్రేలాడదీస్తే, ముల్లు కూడా పళ్ళెం వెంట తిరగసాగింది! మధ్యలో గాలి తగలకుండా అడ్డం పెట్టినా తిరిగింది. అంటుకోని రాగి అయస్కాంతాన్ని ఎట్లా లాగుతుంది? ఎవరికీ అంతు చిక్కలేదు.

ఈ ముడి విప్పినవాడు మైకేల్ ఫారడే. ఈయన కథ మన పిల్లలకు తప్పక చెప్పవలసినది. 1791లో లండను దగ్గర ఒక కమ్మరి ఇంట పుట్టాడు. బడి చదువు అంతంతమాత్రమే. పద్నాలుగో ఏట పుస్తకాలు బైండింగ్ చేసే షాపులో పనికి చేరి ఏడేళ్ళు ఆ పని చేశాడు. బైండింగుకు వచ్చిన పుస్తకాలు కుట్టేముందు చదువుకునేవాడు. 1812లో డేవీ అనే శాస్త్రజ్ఞుని ఉపన్యాసాలు విని, వాటిని శుభ్రంగా వ్రాసి, తన చేత్తోనే బైండు చేసి ఆయనకే పంపాడు. మరుసటి ఏడు డేవీ దగ్గర సహాయకుడుగా ఉద్యోగం దొరికింది. లెక్కలు పెద్దగా రావు. చేతిపని బాగా వచ్చు, చూపు చురుకు.

1831 ఆగస్టు 29వ తేదీన ఫారడే ఒక ఇనుప కడియానికి రెండు వైపులా రెండు తీగచుట్టలు చుట్టాడు. ఒకదానికి బ్యాటరీ, రెండవదానికి ముల్లు. బ్యాటరీ కలిపిన క్షణంలో ముల్లు ఒక్కసారి అదిరింది. తరువాత నిలిచిపోయింది. బ్యాటరీ తీసేసిన క్షణంలో మళ్ళీ అదిరింది, ఈసారి ఎదురు వైపుకు. అక్టోబరు 17న బ్యాటరీ లేకుండానే, ఒక చుట్టలోకి అయస్కాంతాన్ని దూర్చినా, బయటికి లాగినా కరెంటు పుడుతున్నదని చూశాడు. అక్టోబరు 28న ఒక పెద్ద అయస్కాంతపు రెండు ధ్రువాల మధ్య రాగి పళ్ళేన్ని తిప్పి, ఆగకుండా కరెంటు తీశాడు. ప్రపంచంలో మొదటి డైనమో అదే. అరాగో పళ్ళెం చిక్కుముడి కూడా దానితోనే విడిపోయింది. పళ్ళేనికీ అయస్కాంతానికీ మధ్య కదలిక ఉంటే రాగిలో కరెంటు సుడులు పుడతాయి. ఆ సుడులే అయస్కాంతాలవలె ప్రవర్తించి ముల్లును లాగుతాయి.

వానలో పట్టిన జల్లెడ

ఈ సంగతి మన సీమ పిల్లలకు మేము చెప్పే తీరు ఇది. వాన నిటారుగా కురుస్తున్నదనుకోండి. జల్లెడను వెల్లకిలా చదునుగా పట్టుకుంటే దాని గుండా ఎక్కువ చినుకులు పోతాయి. కొంచెం వంచితే తగ్గుతాయి. అంచు పైకి వచ్చేట్టు నిలువుగా పట్టుకుంటే చినుకులు దాని గుండా పోనే పోవు. అయస్కాంత క్షేత్రం ఆ వానవంటిది, చదునైన తీగచుట్ట ఆ జల్లెడవంటిది. క్షేత్రానికి ముఖం చూపితే ఎక్కువ రేఖలు చుట్ట గుండా పోతాయి. అంచు చూపితే ఏమీ పోవు.

అయితే ఇక్కడే అసలు కిటుకు ఉన్నది. ఎన్ని రేఖలు పోతున్నాయన్నది కాదు, ఆ లెక్క మారుతున్నదా లేదా అన్నదే ప్రశ్న. చుట్ట దగ్గర ఎంత పెద్ద అయస్కాంతం కదలకుండా పెట్టినా కరెంటు రాదు. అయస్కాంతం దగ్గరకు రావాలి, లేక దూరం పోవాలి, లేక చుట్ట తిరగాలి. మార్పు ఎంత త్వరగా జరిగితే ఒత్తిడి, అంటే ఓల్టేజి, అంత ఎక్కువ. చుట్లు ఎన్ని ఎక్కువైతే అంత ఎక్కువ. ఆ పదకొండేళ్ళు పండితులకు దొరకనిది ఇదే. వారు నిలకడగా ఉన్న అయస్కాంతం నుంచి నిలకడగా కరెంటు వస్తుందని ఎదురుచూశారు.

సెలవుల్లో ప్రయోగాలు చేసిన పంతులు

అదే కాలంలో అమెరికాలో జోసెఫ్ హెన్రీ అనే బడిపంతులు ఉండేవాడు. ఆయన కూడా పేదింటివాడే. చిన్నప్పుడు గడియారాలు బాగుచేసే షాపులో పనికి చేరాడు. 1826 నుంచి ఆల్బనీ పట్టణంలోని ఒక విద్యాలయంలో లెక్కలు, ప్రకృతి శాస్త్రం చెప్పేవాడు. రోజుకు ఏడు గంటలు పాఠాలు. ప్రయోగాలకు ఆగస్టు నెల సెలవులే దిక్కు. తీగకు పట్టు చుట్టి ఒకదానికొకటి తగలకుండా చేసి, వరుసల మీద వరుసలు చుట్టి, గొప్ప బలమైన విద్యుదయస్కాంతాలు చేశాడు. తీగకు తొడుగు ఉండాలన్న ఈ సంగతి లేకపోతే నేటి వైండింగ్ పనే లేదు. అయస్కాంతం నుంచి కరెంటు వస్తుందని హెన్రీ కూడా స్వయంగా కనుగొన్నాడు. కాని అచ్చులో ముందు వచ్చింది ఫారడే మాటే. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారికి ఈ బాధ తెలుస్తుంది.

హెన్రీకి మాత్రమే దక్కిన ఘనత మరొకటి ఉన్నది. బ్యాటరీకి కలిపిన పొడుగాటి తీగను విడదీసేటప్పుడు నిప్పురవ్వ ఎగురుతున్నదని చూసి, 1832లో ప్రకటించాడు. తర్వాత రాగి రేకును పొడుగాటి పట్టీగా కోసి, గడియారపు స్ప్రింగులాగా చదునుగా చుట్టి చూస్తే ఆ రవ్వ ఇంకా పెద్దదైంది. జిలేబీని ఊహించుకోండి, చుట్లన్నీ ఒకదాని పక్కన ఒకటి ఒకే మట్టంలో ఉంటాయి. అటువంటి చదును చుట్టలో ఒక చుట్టు క్షేత్రం పక్క చుట్ల గుండా పోతుంది. కరెంటు ఆపబోతే ఆ క్షేత్రం కూలుతుంది, ఆ మార్పు వల్ల అదే చుట్టలో మళ్ళీ ఓల్టేజి పుట్టి కరెంటును పారించ చూస్తుంది. చుట్ట తన మీద తానే పనిచేస్తుంది. స్విచ్చి తీసేటప్పుడు టిక్కుమని రవ్వ కనబడేది ఇందుకే. ఈ గుణాన్ని కొలిచే కొలతకు 1893లో 'హెన్రీ' అని ఆయన పేరే పెట్టారు.

ఒక చదును చుట్ట మీద మధ్య ఖాళీ వదిలి మరొక చదును చుట్ట పెట్టి, ఒకదానిలోని కరెంటును ఆపితే రెండవదానిలో కరెంటు పుట్టడం కూడా హెన్రీ పరీక్షించాడు. నేడు మన ఆడవాళ్ళు వాడే ఇండక్షన్ పొయ్యి అదే. అద్దం పలక కింద జిలేబీవంటి రాగి చుట్ట ఉంటుంది. అందులో కరెంటు సెకనుకు వేలసార్లు అటూఇటూ మారుతుంది. పైన పెట్టిన గిన్నె అడుగే రెండవ చుట్ట. అందులో పుట్టిన సుడులవల్ల గిన్నె వేడెక్కుతుంది. మామూలు ఇండక్షన్ పొయ్యి మీద ఉత్త అల్యూమినియం గిన్నె పనికిరాదనీ, ఇనుప గుణం ఉన్న అడుగు కావాలనీ ఇంట్లో అందరికీ తెలుసు.

ఎదురు తిరిగే న్యాయం

ఇప్పుడు పిల్లవాని ప్రశ్నకు దగ్గరపడ్డాము. 1834లో రష్యాలో లెంజ్ అనే శాస్త్రజ్ఞుడు ఒక సూత్రం ప్రకటించాడు. అయస్కాంత క్షేత్రం మార్పువల్ల పుట్టే కరెంటు, తనను పుట్టించిన మార్పుకే ఎదురు నిలుస్తుంది. అయస్కాంతాన్ని చుట్టలోకి తోస్తే చుట్ట దానిని వెనక్కు నెడుతుంది. లాగితే పట్టుకొని వదలదు. ఆ ఎదురును గెలవడానికి మనం పడే శ్రమే కరెంటుగా మారుతుంది. శ్రమ లేకుండా ఫలం లేదన్న పెద్దల మాట రాగి తీగకు కూడా చెల్లుతుంది.

ఫ్యానులోనూ బోరు మోటారులోనూ రెండు భాగాలు ఉంటాయి. కదలని భాగం స్టేటరు, అందులో మన వాళ్ళు చుట్టే కాయిళ్ళు ఉంటాయి. తిరిగే భాగం రోటరు. స్టేటరు కాయిళ్ళు తిరిగే అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తాయి. ఇటలీలో ఫెరారిస్ 1885లో, ఆ తర్వాత అమెరికాలో టెస్లా ఈ ఉపాయం కనిపెట్టారు. 1888లో ఇద్దరి పనీ లోకానికి తెలిసింది. మరుసటి ఏడు డోలివో-డోబ్రొవోల్‌స్కీ మూడు ఫేజుల మోటారు చేశాడు. తిరిగే క్షేత్రం రోటరులో కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటు రోటరును క్షేత్రం వెంట లాగుతుంది. అరాగో పళ్ళెం కథే ఇది, పళ్ళెం బదులు అయస్కాంతం తిరుగుతున్నది, అంతే.

రోటరు బాగా తిరుగుతున్నప్పుడు అది క్షేత్రంతో దాదాపు సమానంగా పరుగెత్తుతుంది. కనుక రోటరు కంటికి క్షేత్రం మెల్లగా మారుతున్నట్టే ఉంటుంది. దానిలో పుట్టే కరెంటు కొంచెమే. స్టేటరు కాయిలులో ఎదురు ఒత్తిడి నిండుగా ఉండి, లైను నుంచి వచ్చే కరెంటును అదుపులో పెడుతుంది. అదే రోటరు బిగుసుకుని నిలిచిపోతే, క్షేత్రం పూర్తి వేగంతో దానిని కోసుకుంటూ పోతుంది. రోటరులో విపరీతమైన కరెంటు పుడుతుంది. అది స్టేటరు క్షేత్రాన్ని తగ్గించ చూస్తుంది. క్షేత్రం తగ్గితే కాయిలులోని ఎదురు ఒత్తిడీ తగ్గుతుంది. అడ్డుకట్ట తెగిన కాలువలాగా లైను నుంచి కరెంటు పొర్లి వస్తుంది.

పంపు మోటారులో ఇట్లా వచ్చే కరెంటు మామూలుకు ఐదారు రెట్లు ఉంటుంది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక ఆరు రెట్ల కరెంటుకు ముప్పైఆరు రెట్ల వేడి. తొడుగు కరుగుతుంది, చుట్లు ఒకదానికొకటి తగులుతాయి, కాయిల్ మాడిపోతుంది. ఫ్యానులో రెట్లు ఇంత ఉండకపోయినా కథ అదే, పైగా ఆగిన ఫ్యానుకు చల్లార్చే గాలి కూడా ఉండదు. తిరిగే మోటారును కాపాడేది దాని తిరుగుడే. పిల్లవాని ప్రశ్నకు ఇదీ జవాబు.

మన ఇంటి గోడమీద అరాగో

అరాగో పళ్ళెం మన తాతల ఇళ్ళలో కూడా తిరిగింది. పాత కరెంటు మీటరు అద్దంలో అడ్డంగా తిరిగే అల్యూమినియం చక్రాన్ని చూసినవారు ఇంకా మనలో ఎందరో ఉన్నారు. హంగేరీ దేశపు ఇంజనీరు బ్లాథీ 1889లో ఆ తరహా మీటరు చేశాడు. చక్రానికి పైనా కిందా రెండు కాయిళ్ళు. ఒకటి సన్నని తీగతో ఎన్నో చుట్లు, అది ఓల్టేజి కనిపెడుతుంది. రెండవది లావు తీగతో కొద్ది చుట్లు, ఇంట్లోకి పోయే కరెంటంతా దాని గుండానే పోతుంది. రెండింటి క్షేత్రాలు కలిసి చక్రంలో సుడులు పుట్టించి తిప్పుతాయి. ఒక పక్క చిన్న అయస్కాంతం మాత్రం చక్రాన్ని పట్టి ఆపుతూ ఉంటుంది, అది లెంజ్ న్యాయం. ఈ రెండింటి తూకం వల్లనే మనం వాడినంతకే చక్రం తిరిగేది. తరువాత ఎలక్ట్రానిక్ మీటర్లు వచ్చి చక్రం మాయమైంది.

కపిల బావి నుంచి బోరు దాకా

మన సీమలో సంవత్సరానికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అది కూడా నమ్మకం లేదు. వేరుశనగ వేసి మబ్బు కోసం చూడడం మన రైతు జాతకం. వెనుకటి కాలంలో ఎద్దులను కట్టి కపిల తోలేవారు. తోలు బాన బావిలోకి దిగి నీళ్ళు నింపుకొని పైకి వచ్చేది. తర్వాత ఆయిలింజన్లు వచ్చాయి.

కరెంటు మన పక్కనుంచి చాలా ముందే పోయింది. 1902లోనే కావేరి మీద శివసముద్రంలో పుట్టిన కరెంటు నూటనలభై కిలోమీటర్లకు పైగా తీగల మీద నడిచి కోలారు బంగారు గనులకు చేరింది. బంగారానికి ముందు, పొలానికి వెనుక అన్నట్టు, మన పల్లెలకు రావడానికి ఎన్నో ఏళ్ళు పట్టింది. తుంగభద్ర ఆనకట్ట 1953లో తెరిచారు, 1957లో దాని విద్యుత్కేంద్రం మొదలైంది. రాయలసీమకు వెలుగు, మోటారు అందడంలో తుంగభద్రకు పెద్ద పాత్ర ఉన్నది. బావులు ఎండిన కొద్దీ బోర్లు, బోర్లు ఎండిన కొద్దీ ఇంకా లోతు బోర్లు. పైన ఉండే మోటారు పోయి, వందల అడుగుల లోతున నీళ్ళలోనే మునిగి తిరిగే సబ్‌మెర్సిబుల్ మోటారు వచ్చింది. 2004లో రాష్ట్ర ప్రభుత్వం వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ప్రకటించింది.

కరెంటు ఉచితమైనా కాయిలు ఉచితం కాదు. ఒక ట్రాన్స్‌ఫార్మర్ మీద దాని శక్తికి మించి మోటార్లు నడిస్తే ఓల్టేజి పడిపోతుంది. ఓల్టేజి పదోవంతు తగ్గితే మోటారు తిప్పే బలం దాదాపు ఐదోవంతు తగ్గుతుంది. పైకెత్తవలసిన నీళ్ళ బరువు మాత్రం తగ్గదు. రోటరు వెనుకబడుతుంది, కరెంటు పెరుగుతుంది, కాయిల్ వేడెక్కుతుంది. పైన చెప్పిన కథే మెల్లగా జరుగుతుంది. కాలిన మోటారును పైపులతో సహా పైకి లాగి, షాపుకు తెచ్చి, చుట్టించి, మళ్ళీ దింపేసరికి పైరు వాడుతుంది. అప్పు పెరుగుతుంది. పిల్లవాని ప్రశ్న పుస్తకపు ప్రశ్న కాదు. అది మన సీమ రైతు కడుపుకోత ప్రశ్న.

అదే సూత్రం మనకు మేలు కూడా చేసింది. 1990 దశకంలో ఒకప్పటి బంగారు గనుల రామగిరి కొండలమీద గాలిమరలు లేచాయి. అక్కడ గాలి రెక్కలను తిప్పితే, కాయిలు ముందు అయస్కాంత క్షేత్రం తిరిగి కరెంటు పుడుతుంది. మోటారును తలక్రిందులు చేసిన పని అది. వాన తప్పిన కొండమీద గాలి మాత్రం మనకు తప్పలేదు.

మన భాషలో ఈ విద్య

ఈ విద్య ఇంగ్లీషువారి సొత్తు, ఉర్దూ మీడియం పిల్లలకు ఎందుకు అనేవారు ఉన్నారు. వారికి ఒక చరిత్ర గుర్తుచేస్తాము. ఫారడే ప్రయోగం జరిగిన పది పన్నెండేళ్ళ లోపే, 1840 ప్రాంతంలో, హైదరాబాదులో షమ్సుల్ ఉమ్రా నవాబు ఫఖ్రుద్దీన్ ఖాన్ గారు ఇంగ్లీషు నుంచి తర్జుమా చేయించి 'సిత్తయె షమ్సియా' పేరుతో ఆరు శాస్త్ర గ్రంథాలు ఉర్దూలో అచ్చు వేయించారు. యంత్రశాస్త్రం, ఖగోళం, నీరు, గాలి, వెలుగు వాటిలో ఉన్నాయి. ఒకటి విద్యుత్తు గురించి. మన సీమ 1800లోనే నిజాం చేతి నుంచి కంపెనీ చేతికి పోయింది, కాని భాషకు సరిహద్దు లేదు కదా.

తరువాత 1917లో హైదరాబాదులో దారుల్ తర్జుమా ఏర్పడింది, మౌల్వీ అబ్దుల్ హక్ గారు దాని పని నడిపారు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ బోధనా భాషగా స్థాపించబడింది. శాస్త్రాలన్నిటికీ మాటలు తయారుచేశారు. అటువంటి కృషి వల్లనే మా చేతిలోని ఉర్దూ పాఠ్యపుస్తకంలో కరెంటు 'బర్కీ రౌ', క్షేత్రం 'మిక్నాతీసీ మైదాన్', ప్రేరణ 'ఇమాలా'. తీగచుట్టకు పెట్టిన మాట 'లచ్ఛా'. మన పెండ్లిళ్ళలో వధువు మెడలో వేసే నల్లపూసల లచ్ఛా, పేర్చిన పొరల లచ్ఛా పరాఠా, మోటారులోని లచ్ఛా అన్నీ ఒకే మాట. 1948 తర్వాత ఉస్మానియాలో ఆ బోధన మారిపోయింది, కాని మాటలు మిగిలాయి.

మా పిల్లవానికి మూడు మాటలూ తెలుసు. షాపులో కాయిల్, తెలుగులో తీగచుట్ట, మా తరగతిలో లచ్ఛా. అయితే ఈ మూడూ ఒకటేనని బడిలో మేము చెప్పలేదు. షాపు ఉస్తాదూ చెప్పలేదు. పుస్తకం ఒక వైపు, చెయ్యి ఒక వైపు ఉండిపోయాయి. తప్పు పిల్లవానిది కాదు, మాది.

చివరి మాట

మేము జవాబు తెలుసుకున్నాక మళ్ళీ ఆ షాపుకు పోయాము. పనిలేని ఒక శుక్రవారం సాయంత్రం పిల్లవాణ్ణి బడికి పిలిపించాము. పాత మోటారు నుంచి తీసిన తీగతో అతడే రెండు వందల చుట్ల చదును చుట్ట చుట్టాడు. చుట్లు మేము లెక్కపెట్టబోతే "నేను లెక్కపెట్టా సార్, మీరు మధ్యలో మాట్లాడితే తప్పుతా" అన్నాడు. పొడుగు తీగలతో దానిని మరో చిన్న చుట్టకు కలిపి, ఆ చిన్న చుట్టలో మా తండ్రిగారి కిబ్లానుమా పెట్టాము. పగిలిన స్పీకరు అయస్కాంతాన్ని దూరంగా ఉన్న చదును చుట్ట మీదికి వేగంగా తెస్తే ముల్లు అదిరింది. ఆపితే నిలిచింది. లాగితే ఎదురు వైపుకు అదిరింది. చుట్టను అంచుమీద నిలబెడితే ముల్లు దాదాపు కదలలేదు.

పిల్లవాడు చాలాసేపు అయస్కాంతాన్ని తెస్తూ, తీస్తూ ఉన్నాడు. "అంటే సార్, తిరిగే ఫ్యాను కరెంటును తానే ఆపుకుంటుందన్నమాట" అన్నాడు. ఇంతకంటే బాగా మేము చెప్పలేము. ఆ సాయంత్రం తొమ్మిది, పది తరగతుల పిల్లలు కూడా చుట్టూ చేరారు. వారికి పాఠం చెప్పింది మేము కాదు, అతడే.

ఇప్పుడు అతడు ఓపెన్ స్కూల్ ద్వారా పదో తరగతి పరీక్షకు చదువుతున్నాడు. పగలు షాపు, రాత్రి పుస్తకం. పాసవుతాడో లేదో అల్లాహ్‌కే తెలుసు. అయినా తరువాత ఐ.టి.ఐ.కి పోవాలని అతని కోరిక. ఫారడే బైండింగ్ షాపు నుంచే వచ్చాడు, హెన్రీ గడియారాల షాపు నుంచే వచ్చాడు. షాపు నుంచి పుస్తకానికి దారి ఉన్నదనడానికి ఇంకేమి సాక్ష్యం కావాలి?

మన సంఘం సభ్యులకు మా మనవి రెండు మాటలే. మీ ఇంట్లో పాడైన ఫ్యాన్లు, మిక్సీలు, పాత చక్రం మీటర్లు ఉంటే పాత సామాన్ల వానికి వేయకుండా మా బడికి ఇప్పించండి. మన వాళ్ళలో వైండింగ్, మెకానిక్ పనులు చేసే ఉస్తాదులు నెలకొక ఆదివారం ఒక గంట మా పిల్లల ముందు కూర్చుని పని చేసి చూపండి. మీ షాపుల్లో పని చేసే చిన్నవాళ్ళను కూడా వెంట తీసుకురండి. వారి ప్రశ్నలకు జవాబు రాకపోతే, ఈసారి మేము "తర్వాత చెప్తాలే" అనము. కలిసి వెదుకుతాము.

సెలవు.